మన ఇళ్ళలో పింఛను చరిత్ర: 1957 నాటి ఒక కాగితం



మన పెద్దల్లో ఒకే ఆఫీసులో, ఒకే హోదాలో పని చేసిన ఇద్దరిని చూడండి. ఒకరి ఇంటికి నెలనెలా పింఛను వచ్చింది, ఇంకొకరి ఇంటికి రాలేదు. ఎందుకిలా అని చిన్నవాళ్ళు అడుగుతుంటారు. కష్టంలో తేడా లేదు. తేడా అంతా తేదీల్లోనే ఉంది. ఈసారి ఆ తేదీల కథ రాస్తున్నాము.

మేము బడిలో తమిళంలో చదివినవాళ్ళం. తమిళంలో పింఛనును ఓయ్వూదియం అంటారు. ఓయ్వు అంటే విశ్రాంతి, ఊదియం అంటే జీతం. అంటే అది దానం కాదు, జీతమే. చట్టం ఈ మాట ఒప్పుకోవడానికి వందేళ్ళు పట్టింది. 1871 నాటి పింఛన్ల చట్టం ప్రకారం కలెక్టరు అనుమతి పత్రం లేకుండా పింఛను గురించి సివిల్ కోర్టుకు పోవడానికి వీల్లేదు. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పింఛను హక్కే అని తేల్చింది.

ఇక మన రైలు కుటుంబాల సంగతి. పెరంబూరు, పొన్మలై, పోదనూరు, అరక్కోణం... ఎక్కడ చూసినా మనవాళ్ళు ఉన్నారు. కంపెనీల కాలంలో పింఛను లేదు, ప్రావిడెంట్ ఫండ్ ఉండేది. ఉద్యోగి కొంత కట్టేవాడు, కంపెనీ కొంత వేసేది. దిగిపోయేనాడు మొత్తం చేతిలో పెట్టి పంపేవారు. 1957 నవంబరు 16న రైల్వేలో పింఛను పథకం వచ్చింది. ఆ తర్వాత చేరినవాళ్ళందరికీ పింఛనే. అప్పటికే ఉన్నవాళ్ళకు ఒక కాగితం ఇచ్చి, ఫండా, పింఛనా, ఏదో ఒకటి రాసివ్వమన్నారు.

చాలామంది ఫండే చాలన్నారు. వాళ్ళను తెలివితక్కువవాళ్ళు అనకండి. కూతురి పెండ్లికి, ఇంటికి మొత్తంగా డబ్బు కావాలి. పైగా పింఛను తీసుకుంటే మనిషితోనే పోతుందనే భయం. విధవ అయిన భార్యకు దీర్ఘకాలం ఆసరా ఇచ్చే కుటుంబ పింఛను పథకం 1964 జనవరి 1న గాని రాలేదు. ఆనాటి లెక్క ఆనాటికి సరే. తర్వాత ధరలు పెరిగాయి. పింఛనుకు కరువు భత్యం తోడైంది, పే కమిషన్లు దాన్ని పెంచాయి. ఫండు డబ్బు మాత్రం ఖర్చయితే అయిపోయినట్టే.

1982 డిసెంబరు 17న నకారా కేసు తీర్పు వచ్చింది. రిటైరైన తేదీని బట్టి పింఛనుదారులను రెండుగా చీల్చరాదన్నారు. డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకునేది అందుకే. మరి మాకూ ఇవ్వండి అని ఫండు తీసుకున్న రైల్వేవాళ్ళు కోర్టుకు పోతే, 1990లో కృష్ణకుమార్ కేసులో, మీరు పింఛనుదారులు కారు, వేరే వర్గం అన్నారు. 1997 నవంబరు నుంచి నెలకు 600 రూపాయల సాయంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

తేదీ గీతలు అంతటితో ఆగలేదు. తమిళనాడు ప్రభుత్వంలో 2003 ఏప్రిల్ 1 నుంచి, కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్ళు తమ జీతంలో కొంత కట్టే కొత్త పద్ధతిలోకి పోయారు. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రంలో మళ్ళీ ఒక ఎంపిక కాగితం వచ్చింది, ఏకీకృత పింఛను పథకమని. 25 ఏళ్ళ సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం ఇస్తామంటున్నారు. 1957 కాగితం మళ్ళీ మన పిల్లల చేతికి వచ్చింది.

హోసూరు, కోయంబత్తూరు కంపెనీల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. 1995 ఉద్యోగుల పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే 10 ఏళ్ళ సర్వీసు ఉండాలి. ఉద్యోగం మారిన ప్రతిసారీ డబ్బు తీసేసుకుంటే ఆ సర్వీసు చెరిగిపోతుంది. తీయకండి, కొత్త చోటికి మార్చుకోండి.

యజమాని అంటూ లేకుండా మగ్గం మీద, మేస్త్రీ పనిలో బతికినవాళ్ళకు మిగిలింది ముదియోర్ ఉదవిత్తొగై. ఈ రాష్ట్రంలో అది 1962లో మొదలైంది. ఇప్పుడు నెలకు 1,200. తక్కువే, అయినా దాన్ని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

చివరిగా మన ఇళ్ళలో తరచూ వచ్చే చిక్కు. తమిళ లిపిలో క, గ ఒకే అక్షరం. ఇంట్లో గోవిందమ్మ, రేషన్ కార్డులో కోవిందమ్మాళ్, పింఛను ఉత్తర్వులో ఇంకో స్పెల్లింగు. భర్త పోయిన తర్వాత ఆ ముగ్గురూ ఒకరేనని రుజువు చేయడానికి అవ్వలు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇద్దరూ ఉన్నప్పుడే పేరు, పుట్టిన తేదీ సరిచేయించండి. కేంద్ర పింఛనుదారులకు 80 నిండితే 20 శాతం అదనం వస్తుంది, దానికీ పుట్టిన తేదీ సరిగ్గా ఉండాలి. విధవ అయి పుట్టింటికి చేరి, తండ్రి మీదే ఆధారపడిన కూతురికీ నిబంధనల ప్రకారం కుటుంబ పింఛను హక్కు ఉంది. ఆమె పేరు కుటుంబ వివరాల్లో ఉందా, చూడండి.

ఈ వారమే పెట్టె తెరిచి కాగితాలు ఒకసారి చదవండి. ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చదివి వినిపించండి.