సరుకు ఒకరిది, కిస్తీ ఇంకొకరిది

కోహీర్ ఎర్రనేలకు జామతోటలు పేరు తెచ్చాయి. చలికాలంలో తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లలోనూ దీని పేరు తరచూ వినిపిస్తుంది. వికారాబాద్ నుంచి బీదర్‌కు నిజాం కాలంలో వేసిన రైలు మార్గంలో ఈ ఊరి స్టేషన్ పేరు ఇప్పటికీ ‘కోహీర్ దక్కన్’. 1956 నవంబరు 1 దాకా కోహీర్ ఉన్న జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదక్‌లో కలిసింది, 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారినా, ఇక్కడి జనం కొనుగోళ్లలో ఒక పద్ధతి మాత్రం తరాల పాటు మారలేదు. సరుకు ముందు, పైసలు తర్వాత.

ఇప్పుడు ఇదే ఊరి విద్యార్థి ఒకరు జహీరాబాద్ బజారులో కిస్తీల మీద ల్యాప్‌టాప్ కొన్నారనుకుందాం. పది రోజులకే తెర నల్లబడింది. షాపుకు పోతే సర్వీస్ సెంటర్‌కు పొమ్మంటారు. సర్వీస్ సెంటర్‌లో విడిభాగం రావాలంటారు. ఈలోగా నెల తిరగగానే బ్యాంకు ఖాతాలోంచి కిస్తీ దానంతటదే కట్ అవుతుంది. ఆ విద్యార్థి తాతకు ఈ తిప్పలు లేవు. ఆయనకు వేరే తిప్పలు ఉండేవి. ఆయన కాలంలో సరుకు ఇచ్చినవాడూ అప్పు పెట్టినవాడూ ఒకే గద్దె మీద కూర్చున్న ఒకే సావుకారి.

వానను నమ్ముకున్న మెట్టసేద్యపు ఊళ్లలో పంట చేతికి వచ్చేదాకా రొక్కం కంటపడదు. బట్టలు, బెల్లం, ఉప్పు, విత్తనాలు అన్నీ ఉద్దెర మీదే వచ్చేవి. చీర మొదటి ఉతుకుకే రంగు వదిలినా, బెల్లంలో మట్టి తగిలినా, కొన్నవాడి చేతిలో ఒక పట్టు ఉండేది. అది ఇంకా కట్టని బాకీ. ఆ చీర పైసలు ఇవ్వనని గద్దె ముందే గొడవ పెట్టుకోవచ్చు. సరుకు లోపమూ, అప్పు లెక్కా ఒకే ఖాతా పుస్తకంలో తేలాలి.

అయితే ఆ పుస్తకం రాసేది సావుకారే. చదువురాని రైతు వేలిముద్ర పడ్డాక అందులో ఏ అంకె చేరిందో అడిగే దిక్కుండేది కాదు. తెలంగాణ పల్లెల్లో ధాన్యాన్ని ‘నాగు’కు తీసుకుంటే పంట మీద ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాల్సి వచ్చేది. పక్కనే ఉన్న బొంబాయి ప్రెసిడెన్సీ దక్కన్‌లో 1875 మే 12న పుణె దగ్గర సూపా గ్రామంలో రైతులు వడ్డీ వ్యాపారుల మీద తిరగబడ్డారు. వాళ్లు ముఖ్యంగా కాల్చింది అప్పు పత్రాలనే. ఆ అల్లర్ల తర్వాత వచ్చిన 1879 దక్కన్ రైతుల సహాయ చట్టం, అప్పు ఇచ్చినవాడు రశీదులు, లెక్కలు ఇచ్చి తీరాలని నిర్దేశించింది.

హైదరాబాద్ రాజ్యంలో ఆ మేలుకొలుపు ఆలస్యంగా వచ్చింది. 1929–30లో ఎస్. కేశవ అయ్యంగార్ ఊరూరా ఆర్థిక పరిశోధన చేశారు. 1937లో ఎస్.ఎం. భరూచా రైతుల రుణభారం మీద ప్రత్యేకంగా నివేదిక ఇచ్చారు. ఆ తర్వాత 1349 ఫసలీలో, అంటే 1940 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది. లైసెన్సు ఉండాలి, లెక్క రాయాలి, రశీదు ఇవ్వాలి. కాగితం మీది ఈ షరతులు పల్లెదాకా ఎంత చేరాయో 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం చెప్పింది. అక్కడ కూడా మంటల్లో పడినవాటిలో అప్పు పత్రాలు ఉన్నాయి.

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో సావుకారి లేని ఉద్దెర కూడా ఒకటి పుట్టింది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళల సంఘాలను కూడగట్టింది. ఆ సంఘాల విత్తన నిధి నుంచి జొన్న, కంది, సామ, కొర్ర విత్తనాలు తీసుకున్నవారు పంట వచ్చాక సాధారణంగా రెట్టింపు తిరిగి ఇస్తారు. అక్కడా విత్తనం ఇచ్చినవారు, అప్పు పెట్టినవారు ఒక్కరే. పైగా ఒకే వాడవాళ్లు.

సరుకు, అప్పు విడిపోవడం యంత్రాలతో మొదలైంది. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, తర్వాత చేతిగడియారాలు తయారుచేసింది. 1980ల్లో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లోనే చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది. అది తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. లారీ లాంటి ఖరీదైన సరుకును ఏ దుకాణదారుడూ తన సొంత ఖాతాలో రాసుకోలేడు. అక్కడికి ఫైనాన్స్ కంపెనీ వచ్చింది. ‘హైర్ పర్చేజ్’ పద్ధతిలో బండి యజమాని కాగితం మీద ఫైనాన్స్ కంపెనీయే. నడిపేవాడు ఆఖరి కిస్తీ కట్టేదాకా అద్దెదారు.

ఈ మలుపులో పార్లమెంటు ఒక మంచి పని దాదాపు చేసింది. 1972 నాటి హైర్ పర్చేజ్ చట్టం ప్రకారం, కిస్తీల మీద ఇచ్చిన వస్తువు అమ్మదగ్గ నాణ్యతతో ఉంటుందన్న పూచీ యజమానిదే, అంటే ఫైనాన్స్ కంపెనీదే. అమలు తేదీ ప్రకటించి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టం మూడు దశాబ్దాలకు పైగా ఒక్కరోజు కూడా అమలు కాలేదు. 2005లో రద్దయింది. పాత సావుకారి గద్దె మీద ఒక్కటిగా ఉన్న రెండు బాధ్యతలను చట్టం మళ్లీ కలపబోయిన ఆ సందర్భం అలా చేజారింది.

ఇంగ్లండు మాత్రం దాన్ని చేజార్చుకోలేదు. అక్కడి 1974 వినియోగదారుల రుణ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉంటే, అమ్మకందారుతో ఏర్పాటు చేసుకుని రుణం ఇచ్చిన సంస్థ కూడా లోపానికి సమానంగా బాధ్యత వహిస్తుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1976లో అమల్లోకి తెచ్చిన నిబంధన కూడా ఆ దారిదే. అమ్మకందారు మీద కొన్నవాడికి ఉన్న ఫిర్యాదులన్నీ ఆ రుణపత్రం చేతికి అందుకున్నవాడికీ వర్తిస్తాయి.

మనకు దక్కింది వేరే ఆయుధం. 1985లో ఐక్యరాజ్య సమితి వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలు ఆమోదించింది. 1986 డిసెంబరు 24న మన వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. మెదక్ జిల్లా వినియోగదారుల ఫోరం సంగారెడ్డిలో ఏర్పడింది. ఆ చట్టం పల్లెవాళ్లకు ఎంతదాకా పనికొస్తుందో తేల్చింది మాత్రం విత్తనాల కేసే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ దగ్గర విత్తనం కొని నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసు 2012 జనవరిలో సుప్రీంకోర్టులో ముగిసింది. రైతు వినియోగదారుడే కాడని, పరీక్షకు విత్తన నమూనా చూపలేదని కార్పొరేషన్ వాదించింది. కొన్న విత్తనమంతా నేలలో వేసిన రైతు ప్రయోగశాలకు పంపడానికి పిడికెడు దాచిపెట్టుకోవాలనడం న్యాయం కాదంటూ కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.

ల్యాప్‌టాప్ కొన్నవారికి అంత వెసులుబాటు దొరకదు, ఎందుకంటే చెడిపోయిన వస్తువు చేతిలోనే ఉంటుంది. లోపం ఉందని చూపించాల్సిన పని కొన్నవారిదే. అందుకే మొదటి పని ఇంట్లోనే మొదలవుతుంది. ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ ఆన్ చేసి చూడాలి. తెర నల్లగానే ఉంటే కేబుల్‌తో టీవీకి కలపాలి. బొమ్మ అక్కడ కనబడితే చెడింది తెరో, దాని తీగో. అక్కడా కనబడకపోతే అనుమానం ర్యామ్ మీదకో, మదర్‌బోర్డు మీదకో పోతుంది. మెషీన్ మధ్యమధ్యలో ఆగిపోతుంటే విండోస్‌లోనే ఉన్న మెమరీ పరీక్ష నడపవచ్చు. ఈ తిప్పలన్నీ ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. వారంటీ ఉండగా స్క్రూలు విప్పి, వీధి మెకానిక్ చేతికి ఇచ్చామంటే కంపెనీకి సాకు దొరికినట్టే.

రెండో పని కాగితం. సర్వీస్ సెంటర్‌కు పోయిన ప్రతిసారీ జాబ్ షీట్ అడిగి తీసుకోవాలి. అందులో సీరియల్ నంబరు, తేదీ, లోపం రాయించాలి. దీని విలువ 2006 నాటి మారుతి కారు కేసు చూస్తే తెలుస్తుంది. క్లచ్ మాటిమాటికీ చెడుతోందని కొత్త కారు ఇవ్వమన్న కింది తీర్పును సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. వారంటీ అంటే చెడిన భాగాన్ని మార్చడమే తప్ప మొత్తం వస్తువు మార్చడం కాదని చెప్పింది. ఒకే లోపం ఎన్నిసార్లు రిపేరుకు వెళ్లిందో జాబ్ షీట్లు చూపిస్తేనే, భాగం మార్పు సరిపోదన్న వాదనకు బలం వస్తుంది.

2020 జూలై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం మరికొంత దారి వేసింది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకుంటే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోనని మొండికేయడం అక్రమ వ్యాపార పద్ధతులు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే గోడ మీది బోర్డు చట్టం ముందు నిలవదు. కంపెనీ బెంగళూరులో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. లోపం బయటపడిన రెండేళ్లలో వేయాలి. 5 లక్షల రూపాయల లోపు కేసుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో దాఖలు చేసి, వీడియోలో హాజరు కావచ్చు. కోహీర్ క్రాస్‌రోడ్డు దగ్గర సంగారెడ్డి బస్సు కోసం ప్రతి వాయిదాకూ నిలబడాల్సిన పనిలేదు. అంతకంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, చాలా గొడవలు కోర్టు దాకా పోకుండానే తెగుతాయి.

కిస్తీ కథ మాత్రం వేరే పుస్తకంలో నడుస్తుంది. షాపు ‘సున్నా వడ్డీ’ అన్నా, 2013 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు గుర్తు చేసినట్టు, వడ్డీ లేని అప్పు అనేది ఉండదు. అది ప్రాసెసింగ్ ఫీజులోనో, పోగొట్టుకున్న డిస్కౌంటులోనో దాక్కుంటుంది. ల్యాప్‌టాప్ పనిచేయడం లేదని కిస్తీ ఆపేస్తే క్రెడిట్ స్కోరు పడిపోతుంది, జరిమానా పడుతుంది, వసూలు ఏజెంట్ ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత రాకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. రుణ సంస్థ మీద ఫిర్యాదుకు 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. కానీ అంబుడ్స్‌మన్ చూసేది రుణం సంగతే, నల్లబడ్డ తెర ఆయన పరిధిలోకి రాదు. అందుకని కమిషన్‌లో కేసు వేసేటప్పుడు షాపును, తయారీ కంపెనీని ముఖ్య ప్రతివాదులుగా పెట్టి, కట్టిన కిస్తీల వడ్డీని కూడా నష్టపరిహారంలో అడగడం మంచిది.

ఈ రెండు పుస్తకాలకు గడువులు కూడా పొసగవు. 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాల మీద రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు, వారం లేదా అంతకు మించిన గడువున్న రుణం నుంచి కనీసం మూడు రోజుల పాటు జరిమానా లేకుండా తప్పుకునే అవకాశం కల్పించాయి. 2025 మేలో వచ్చిన కొత్త ఆదేశాలు ఆ కనిష్ఠ గడువును ఒక్క రోజుకు తగ్గించి, అంతకు మించి ఎంత ఇవ్వాలన్నది రుణ సంస్థ బోర్డుకే వదిలాయి. బిల్లులో వేరే గడువు లేకుంటే, లోపమున్న సరుకు వాపసుకు వినియోగదారుల చట్టం 30 రోజులు ఇస్తుంది. పదో రోజున తెర నల్లబడిన ఆ కోహీర్ విద్యార్థికి షాపు మీద ఇంకా ఇరవై రోజుల హక్కు మిగిలే ఉంటుంది. రుణ సంస్థ కనిష్ఠ గడువుతో సరిపెట్టుకుంటే, అప్పులోంచి బయటపడే తలుపు మాత్రం తొమ్మిది రోజుల కిందటే మూసుకుంది.