ఇంట్లో మనిషికి జీతం లెక్క

మా శ్రీకాకుళం, ఘంటసాల వైపు పసిబిడ్డను చూసుకోవడానికి ఎవరినైనా ఇంట్లోనే ఉండేలా కుదుర్చుకుంటే "పనిమనిషి కాదండీ, మా ఇంట్లో మనిషే" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట అన్నాక నోరు తెరిచి జీతం పెంచమనడం ఆమెకు కష్టం. రాత్రి ఎన్నిసార్లు లేచిందో లెక్క చూడడం మనకీ కష్టమే. ఈ చిక్కు ఇప్పటిది కాదు. దీనికి చాలా పాత చరిత్ర ఉంది.

"ఆయా" అనే మాటే చూడండి. మనదనుకుంటాం కానీ అది పోర్చుగీసు మాట. మన బందరుకు ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లో వచ్చింది. తర్వాత దొరలు కుటుంబాలతో కాపురాలు పెట్టారు. వాళ్ళ పిల్లల్ని పెంచింది ఇక్కడి ఆయాలే. దొరసానులు స్వదేశం వెళ్ళేటప్పుడు నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో పిల్లల్ని చూసుకోవడానికి ఆయాలను వెంట తీసుకెళ్ళేవారు. తిరుగు ప్రయాణం ఖర్చు ఇస్తామని చెప్పి, లండన్‌లో దిగాక వదిలేసినవాళ్ళు చాలామంది. అలా దిక్కులేక మిగిలిన ఆయాల కోసమే అక్కడ "ఆయాల గృహం" ఒకటి వెలిసింది. 1900లో అది హాక్నీ ప్రాంతానికి మారింది. ఇండియా వెళ్ళే మరో కుటుంబం దొరికేదాకా ఆయాలు అక్కడే ఉండేవారు. 2022లో ఆ ఇంటికి ఒక స్మారక ఫలకం పెట్టారు. జీతం గొడవకు ఫలకం పడడం అదొక్కటేనేమో!

ఇక మన ఇళ్ళ సంగతి. డెల్టాలో పాలేరు జీతం బస్తాల్లో మాట్లాడుకునేవారు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు అని నలుగురి ముందూ తేలేది. బాలింత దగ్గర, బిడ్డ దగ్గర ఉండే ఆడమనిషికి మాత్రం తిండి, పండక్కి కోక, చేతిలో కాస్త డబ్బు. పెట్టుపోతలు ఉండేవి, లెక్క ఉండేది కాదు. పొలం పని పనిగా కనిపించింది, ఒళ్ళో బిడ్డను నిద్రపుచ్చడం పనిగా కనిపించలేదు. అంతే తేడా.

చట్టానికీ అది కనిపించలేదు. కనీస వేతనాల చట్టం 1948లో వచ్చినా ఇంటిపని దాని జాబితాలో లేదు. ఇంటిపనివాళ్ళ కోసం 1959లో పార్లమెంటులో బిల్లులు పెట్టారు, అవి చట్టం కాలేదు. మన ఉమ్మడి రాష్ట్రం 2007లో ఇంటిపనికి కనీస వేతనం ప్రకటించింది. దేశమంతటికీ ఒక చట్టం సంగతి ఆలోచించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది.

ఇప్పుడు గుడివాడ, అవనిగడ్డ పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కదా. అక్కడ అమ్మమ్మ ఆరు నెలలుండి తిరిగొచ్చేశాక నానీని పెట్టుకుంటారు. వాళ్ళ ఫోన్లలో వినిపించే మాట "నానీ టాక్స్". మనకది దండగ పన్నులా వినిపిస్తుంది. అసలది ఆ మనిషి ముసలితనపు పింఛను డబ్బు.

దాని కథా ఇదే దారిలో నడిచింది. 1935లో అమెరికా పింఛను చట్టం తెచ్చినప్పుడు ఇంటిపనివాళ్ళనూ పొలం కూలీలనూ బయట పెట్టారు. వాళ్ళలో నల్లజాతివాళ్ళు ఎక్కువ. 1950లో సవరిస్తే గానీ ఇంటిపనివాళ్ళు లోపలికి రాలేదు. కనీస వేతనమైతే 1974 దాకా ఆగింది. అప్పుడు కూడా ఇంట్లోనే ఉండే మనిషికి అదనపు గంటల జీతం ఇవ్వనక్కర్లేదని మినహాయింపు పెట్టారు. కేంద్ర చట్టంలో అది ఇప్పటికీ ఉంది. న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. అక్కడ ఇంట్లో ఉండే మనిషికి వారానికి 44 గంటలు దాటితే అదనపు జీతం ఇవ్వాలి.

1993లో క్లింటన్ అటార్నీ జనరల్‌గా ఎంచుకున్న జోయి బెయిర్డ్, తన ఇంట్లో పనిచేసిన దంపతులకు ఈ పన్ను కట్టలేదని బయటపడి ఆ పదవే వదులుకున్నారు. మరుసటి ఏడాదే చట్టం మార్చి, ఇంటివాళ్ళు తమ వార్షిక రిటర్నుతో పాటే ఇది కట్టేలా సులువు చేశారు. 2025 లెక్కన ఏడాదికి 2,800 డాలర్లు, అంతకు మించి ఇస్తే యజమాని 7.65 శాతం, ఆమె 7.65 శాతం.

మరి గొడవ ఎక్కడొస్తుంది? "చేతికి క్యాష్ ఇవ్వండి చాలు" అని చాలాసార్లు ఆమే అడుగుతుంది. ఇంటివాళ్ళూ సరే అంటారు. పని మానేశాక నిరుద్యోగ భృతికి అర్జీ పెడితే ఆమె పేరున ఒక్క కాగితమూ ఉండదు. అక్కడ పింఛనుకు పదేళ్ళ పని లెక్కలో ఉండాలి. ఎనిమిదేళ్ళు మన పిల్లల్ని పెంచినా, క్యాష్ తీసుకుంటే ఆ ఖాతాలో సున్నా.

మన దగ్గర ఇంటివాళ్ళు కట్టాల్సిన అలాంటి పన్ను లేదు. అది మనకు వెసులుబాటు, ఆమెకు నష్టం. 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో 18 నుంచి 40 ఏళ్ళ లోపు, నెలకు 15,000 రూపాయల వరకు సంపాదించేవాళ్ళు చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే వేస్తుంది, 60 దాటాక నెలకు 3,000 వస్తుంది. ఆ 200 మనం కట్టలేమా? మన ఇంట్లో అది వారం పూల ఖర్చు.

తిండి పెట్టాం, చీర పెట్టాం అనుకుంటాం. పెట్టండి, మంచిదే. జీతం ఎంత, సెలవు ఏ రోజు, రాత్రి లేస్తే ఎంత అన్నది మాత్రం విడిగా ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఒక కాపీ ఆమెకివ్వండి. పాలేరుకు వడ్ల బస్తాలు నలుగురి ముందూ మాట్లాడిన ఊళ్ళు మనవి. బిడ్డను పెంచే మనిషికీ ఆ మర్యాద దక్కాలి.