పైపొర మోసమా?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని కార్యదర్శి గారు ఉత్తరం రాశారు. సర్వీసు అనుభవాలు రాసేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, నేను మా ఇంట్లో ఉన్న ఒక చెక్క బీరువా గురించి, అది నాచేత చదివించిన చరిత్ర గురించి రాస్తున్నాను.

1987లో మా పెద్దమ్మాయి పెళ్లికి రాజమండ్రిలో ఆ బీరువా చేయించాను. దళసరి టేకు పలకలు కొనే తాహతు లేదు. ప్లైవుడ్ తలుపులకు టేకు వెనీరు, అంటే కాగితంలాంటి పలుచని టేకు పొర, అతికిద్దామన్నాడు మా వడ్రంగి మేస్త్రి. "వెనకవైపు కూడా ఏదో ఒక పొర వెయ్యాలి బాబుగారూ" అన్నాడు. "వెనక ఎవరు చూస్తారోయ్, దండగ ఖర్చు" అన్నాను. సారె సామాను బండికెక్కించే రోజుకి తలుపు విల్లులా వంగిపోయింది. వియ్యాలవారికి పంపలేక ఇంట్లోనే ఉంచేశాం. మేస్త్రిని పిలిపించి, చుట్టాలందరి ముందు "పైకి టేకు చూపించి మోసం చేశావు" అన్నాను. అతను మారుమాట్లాడలేదు. మిగిలిన మజూరీ అడగకుండానే వెళ్లిపోయాడు.

రిటైరయ్యాక తీరిక దొరికి ఈ వెనీరు పుట్టుపూర్వోత్తరాలు చదివాను. మొదట ఇది రాజుల ఇళ్లలోని వస్తువట! మంచి కలప అరుదైన ఈజిప్టులో మూడు వేల ఏళ్లకు పూర్వమే సామాన్యమైన చెక్క మీద నల్లని ఎబొనీని, ఏనుగుదంతాన్ని పలుచని పలకలుగా అతికేవారు. 1922లో బయటపడిన టుటన్‌ఖామన్ సమాధిలో అలాంటి పెట్టెలు దొరికాయి. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ మాత్రం, ఒకే చెట్టును పలుమార్లు అమ్ముకోవడానికి కనిపెట్టిన ఉపాయమిది అని దెప్పాడు. నేను మేస్త్రిని అన్న మాట అంత పాతదన్నమాట!

పూర్వం ఇద్దరు మనుషులు రంపంతో ఈ పొరలు కోసేవారు. బోలెడు చెక్క రంపపు పొట్టుగా పోయేది. 1806లో ఇంగ్లండులో మార్క్ బ్రూనెల్ వెనీరు కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ తరువాత దుంగను ఆవిరిలోనో వేడినీళ్లలోనో మెత్తబరచి, పొడవాటి కత్తితో పొరలు తీసే యంత్రాలు వచ్చాయి. కత్తికోతలో పొట్టు రాదు. పొర మందం అర మిల్లీమీటరుకు దిగింది. లెక్క వేసి చూడండి: ఒక ఘనమీటరు టేకును 25 మిల్లీమీటర్ల పలకలుగా కోస్తే, తరుగు తీయకుండా, 40 చదరపు మీటర్లు వస్తుంది. అర మిల్లీమీటరు పొరలుగా తీస్తే 2000 చదరపు మీటర్లు!

కోతను బట్టి చెక్క ముఖం మారుతుంది. దుంగను గుండ్రంగా తిప్పుతూ, చుట్టిన చాప విప్పినట్లు పొర లాగడం ఒక పద్ధతి. ఇందులో గీతలు వెడల్పుగా, అడ్డదిడ్డంగా వస్తాయి. ప్లైవుడ్‌కి ఎక్కువగా వాడేది ఇదే. దుంగను నిలువునా రెండుగా చీల్చి, బద్ద మీద సమంగా పొరలు తీస్తే మధ్యలో గోపురాల్లాంటి గీతలు వస్తాయి. నాలుగు బద్దలు చేసి, వయసు చెప్పే వలయాలకు అడ్డంగా కోస్తే తిన్నని నిలువు గీతలు వస్తాయి.

ఇక జత కలపడం. తీసిన పొరలను తీసిన వరుసలోనే కట్టగా ఉంచుతారు. ఆ వరుస తప్పితే జత కుదరదు. పక్కపక్క పొరలు రెండింటిని పుస్తకం తెరిచినట్లు పరిస్తే, గీతలు సీతాకోకచిలుక రెక్కల్లా ఒకదానికొకటి ప్రతిబింబంగా ఉంటాయి. కానీ ఒక పొర తిరగబడుతుంది కాబట్టి, పాలిష్ చేశాక వెలుగులో ఒక సగం కాస్త ముదురుగా, ఒక సగం లేతగా కనబడవచ్చు. తిప్పకుండా పక్కకు జరిపి అతికితే ఆ తేడా ఉండదు, ప్రతిబింబమూ ఉండదు. నాలుగు ముక్కలను ఏటవాలుగా కోసి కలిపితే మధ్యలో వజ్రాకారం ఏర్పడుతుంది.

1905లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ ప్రదర్శనలో ప్లైవుడ్ పలకలు పెట్టాక ఆ పరిశ్రమ అక్కడ వేగంగా పెరిగింది. మన దేశంలో అస్సాం తేయాకు పెట్టెలతో అది నిలదొక్కుకుంది. కలపను పొదుపు చేసే విద్యే అక్కడి అడవులకు ముప్పు తెచ్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, అరుణాచల్ ప్రదేశ్‌లోని తిరప్, చాంగ్లాంగ్ సతతహరితారణ్యాలలో చెట్లు కొట్టడాన్ని నిషేధించి, అక్కడి వెనీరు, ప్లైవుడ్ మిల్లులను మూయమంది. ఇప్పుడు రైతులు పొలాల్లో పెంచే జామాయిలు, పాప్లార్ చెట్లు చాలావరకు ఆ పరిశ్రమను నడుపుతున్నాయి.

చివరకు నా బీరువా రహస్యం కూడా పుస్తకంలోనే దొరికింది. బంకలోని తడికి పొర ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుని పలకను తనవైపు లాగుతుంది. వెనక కూడా పొర ఉంటే రెండూ సమంగా లాగి తలుపు తిన్నగా నిలుస్తుంది. మేస్త్రి అడిగింది అదే. వద్దన్నది నేను.

ఆయనను వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆయన లేరు. ఆ మజూరీని కొడుకు చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. "నాన్న ఈ సంగతి మాతో ఎప్పుడూ అనలేదండీ" అన్నాడు ఆ అబ్బాయి. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతాన ఇచ్చి వచ్చాను. బీరువా తలుపుకు వెనక పొర వేసి సరిచేస్తానన్నాడు గానీ, నేనే వద్దన్నాను. అది అలాగే వంకరగా ఉంది.

మనవళ్లకు, మనవరాళ్లకు సామాను కొనే మిత్రులు తలుపు వెనక్కి కూడా ఒకసారి తిప్పి చూడండి. చేసే మనిషి ఏం చెబుతున్నాడో కాస్త వినండి.