హిమానీనదం చెక్కిన మెట్టు

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో మెర్సెడ్ నదిని పట్టుకుని పైకెక్కే కాలిబాట పేరు మిస్ట్ ట్రెయిల్. బే ఏరియా నుంచి కారులో నాలుగు గంటల దారి కాబట్టి మనవాళ్లు కూడా చాలామంది వెళ్తుంటారు. మే, జూన్ నెలల్లో పైకొండల మంచు కరిగి నది పోటెత్తుతుంది. ఆరువందలకు పైగా ఉన్న రాతిమెట్లు ఎక్కుతుంటే తుంపర ముఖాన కొడుతుంది, రెయిన్‌కోటు ఉన్నా తడవక తప్పదు. ఎండ పడితే పక్కనే ఇంద్రధనుస్సు. ఎదురుగా 317 అడుగుల వెర్నల్ జలపాతం.

ఆ ఉరవడి చూస్తే కొండను నదే కోసిందనుకుంటాం. కానీ ఆ పని నదిది కాదు.

1860ల్లో రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జొసయా విట్నీ, ఏదో ఉత్పాతంలో యోసెమిటీ లోయ అడుగు కుంగిపోయిందని రాశాడు. ఆ కొండల్లో గొర్రెలు కాసి, రంపపు మిల్లులో పనిచేసిన జాన్ మ్యూర్ ఒప్పుకోలేదు. నున్నగా అరిగిన బండలనూ, వాటిమీది గీతలనూ చూసి ఇది హిమానీనదాల పనేనన్నాడు. విట్నీ కొట్టిపారేశాడు. మ్యూర్ ఊరుకోలేదు. 1871లో మెర్సెడ్ శిఖరం దగ్గర అప్పటికింకా కదులుతున్న చిన్న హిమానీనదాన్ని కనిపెట్టి, ఆ ఏడాదే న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో తన వాదం అచ్చు వేయించాడు. పదవి లేని మనిషి కళ్లను నమ్ముకుని గెలిచిన ఈ ఘట్టం నాకెంతో ఇష్టం.

జలపాతం దూకే ఈ మెట్టు ఎలా పడిందో మాత్రం భూగర్భ శాస్త్రవేత్త ఫ్రాన్స్వా మాథెస్ 1930లో విడమరిచాడు. గ్రానైటులో పగుళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట కదిలే మంచు బండలను పెళ్లగించుకుపోయింది. పగుళ్లు అరుదైనచోట రాయి లొంగలేదు. అలా నిలిచినవే వెర్నల్, దాని పైనున్న 594 అడుగుల నెవాడా జలపాతాల గోడలు. రెంటినీ కలిపి జెయింట్ స్టెయిర్‌కేస్ అంటారు. లోయలో మంచు కరిగిపోయి సుమారు 15,000 ఏళ్లయింది. అప్పటినుంచీ నది దూకుతూనే ఉన్నా గోడ పెద్దగా వెనక్కి జరగలేదు.

వెర్నల్ అన్న పేరు 1851లో వచ్చింది. ఈ లోయలో తరతరాలుగా బతికిన అవానీచీ ప్రజలను వెళ్లగొట్టడానికి వచ్చిన మారిపోసా బెటాలియన్‌లోని బన్నెల్ అనే వైద్యుడు పెట్టాడు. 1864లో లింకన్ సంతకంతో లోయకు రక్షణ దొరికింది, 1890లో నేషనల్ పార్కు ఏర్పడింది. కొండకు దొరికిన ఆ రక్షణ అక్కడి మనుషులకు దక్కలేదు.

నీళ్ల కోసమైతే మే నెలలో వెళ్లండి. గోడ పుట్టుక చూడాలంటే ఆగస్టు చివర్లో వెళ్లాలి. అప్పటికి ధార సన్నబడి గోడ బయటపడుతుంది, పగులు వెంబడి రాయి ఎంత నిటారుగా తెగిందో అప్పుడు కనిపిస్తుంది.