కార్ టిప్స్: బ్రేక్ ఆయిల్ మాటిమాటికీ తగ్గుతోందా..? పోసి ఊరుకోకండి.. లీక్ ఎక్కడుందో ఇలా కనిపెట్టండి

కారు బ్రేక్ పెడల్ ఎప్పుడూ లేనంత కిందికి దిగుతోందా? డాష్‌బోర్డ్ మీద ఎర్ర లైట్ వెలుగుతోందా? అలాంటప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే.. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ పోస్తారు, లైట్ ఆరిపోగానే బండి తీస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా కాలి తగ్గేది కాదు. మూసి ఉన్న పైపుల్లోనే ఉంటుంది. డబ్బాలో లెవెల్ తగ్గిందంటే కారణం రెండే.. బ్రేక్ ప్యాడ్‌లు అరిగి ఉండాలి, లేదంటే ఎక్కడో కారుతూ ఉండాలి.

అరుగుదలా? లీకేజీనా?

ప్యాడ్‌లు అరిగేకొద్దీ లెవెల్ నెలల తరబడి మెల్లగా దిగుతుంది. ఇది మామూలే. కొత్త ప్యాడ్‌లు వేస్తే మళ్లీ పైకి వస్తుంది. అదే నాలుగైదు రోజుల్లోనే మాక్సిమం గీత నుంచి మినిమం గీతకు పడిపోతే మాత్రం కచ్చితంగా లీకేజీని అనుమానించాలి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్‌కీ, బ్రేక్ ఆయిల్‌కీ ఒకటే ఎర్ర లైట్ ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించినా లైట్ ఆరకపోతే ముందు ఆయిల్ లెవెల్ చూడండి.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. బండి ఆపి ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ పెడల్‌ను ఒకే బలంతో నిమిషం పాటు తొక్కి పట్టండి. పెడల్ నిలబడితే మంచిదే. మెల్లమెల్లగా కిందికి జారిపోతుంటే బయట లీక్ అయినా ఉండాలి, మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ అయినా పోయి ఉండాలి. పెడల్ మెత్తగా స్పాంజిలా తగిలితే లైన్లోకి గాలి చేరిందని అర్థం.

కింద పడ్డ చుక్క ఏంటి?

రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి, పొద్దున్నే చూడండి. ఏసీ నుంచి కారేది రంగు, జిడ్డు లేని నీళ్లు. కూలెంట్ సాధారణంగా ఆకుపచ్చ, గులాబీ లాంటి రంగుల్లో ఉంటుంది. కొత్త బ్రేక్ ఆయిల్ లేత పసుపు రంగులో, పాతబడితే గోధుమ రంగులో ఉంటుంది. వేళ్లకు జారుడుగా తగులుతుంది కానీ నీళ్లు పోస్తే కలిసిపోతుంది. ఇంజిన్ ఆయిల్ నీళ్లలో కలవదు. తేడా ఇక్కడే తెలిసిపోతుంది. చూశాక చేతులు కడుక్కోవాలి. బాడీ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే పెయింట్‌ను తినేస్తుంది.

తడి ఎక్కడుంటే తప్పు అక్కడ

* చక్రం లోపలి వైపు, టైరు గోడ మీద తడి: ముందు చక్రాల్లో క్యాలిపర్ సీల్, వెనుక డ్రమ్ బ్రేకుల్లో వీల్ సిలిండర్ రబ్బరు పోయి ఉండొచ్చు.
* చక్రం దగ్గరి రబ్బరు హోస్ మీద పగుళ్లు, ఉబ్బు, చెమ్మ: హోస్ మార్చాల్సిందే.
* కారు అడుగున ఇనుప పైపు వెంట జిడ్డు: తుప్పు పట్టి చిల్లు పడి ఉండొచ్చు.
* డ్రైవర్ కాళ్ల దగ్గర, పెడల్ పైభాగంలో తడి: మాస్టర్ సిలిండర్ వెనుక సీల్‌ను చూడాలి. క్లచ్ కూడా ఇదే డబ్బా ఆయిల్‌తో పనిచేసే కార్లలో క్లచ్ సిలిండర్‌నూ చూడాలి.

రిపేర్‌లో ఏం చేయాలి?

పైపుకి టేప్ చుట్టడం, ఎం-సీల్ పెట్టడం లాంటివి అస్సలు వద్దు. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు పైపుల్లో ఒత్తిడి టైరులోని గాలి కంటే పదుల రెట్లు ఎక్కువ. అతుకు ఒక్క దెబ్బకి ఊడిపోతుంది. చెడిన పార్ట్ మార్చాల్సిందే. బ్రేక్ ఆయిల్ తడిసిన షూలు, ప్యాడ్‌లు తుడిచి వాడొద్దు.. రెండు వైపులా కొత్తవి వేయించండి. హోస్ విప్పితే బోల్టు దగ్గరి కాపర్ వాషర్లు కూడా కొత్తవి పడాలి.

పార్ట్ మార్చాక లైన్లో గాలి తీయాలి. షెడ్డులో దీన్ని బ్లీడింగ్ అంటారు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గరి నిప్పుల్ వదులు చేసి, బుడగలు లేని ఆయిల్ వచ్చేదాకా తీస్తారు. మధ్యలో డబ్బా ఖాళీ కాకూడదు. ఏబీఎస్ ఉన్న కొన్ని కార్లకు స్కానర్ కూడా కావాలి కాబట్టి ఈ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.

ఆయిల్ విషయంలో డబ్బా మూత మీద రాసి ఉన్న గ్రేడే వాడాలి.. డాట్ 3 లేదా డాట్ 4. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం సిస్టమ్ పాడవుతుంది. సీల్ తీసి చాలా రోజులైన పాత బాటిల్ కూడా వద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు.. తేమ చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. తిరుమల, శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా బ్రేక్ తొక్కితే వేడెక్కేది ఈ ఆయిలే.

దారిలో బ్రేక్ పడకపోతే?

కంగారు పడొద్దు. పెడల్‌ను చకచకా పదే పదే తొక్కండి. నేటి కార్లలో బ్రేక్ లైన్లు రెండు భాగాలుగా ఉంటాయి.. ఒకటి పోయినా రెండోది ఎంతోకొంత పనిచేస్తుంది, కాకపోతే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్ బ్రేక్‌ను మెల్లగా లాగండి. ఒక్కసారిగా లాగితే బండి జారుతుంది. తాళం మాత్రం తీయొద్దు, స్టీరింగ్ లాక్ అయిపోవచ్చు.

బండి ఆగాక ఆయిల్ పోసుకుని షెడ్డుదాకా నడుపుకెళ్దాం అనుకోవద్దు. టోయింగ్ బండిని పిలవండి. రిపేర్ అయ్యాక కూడా ముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూడండి, మర్నాడు పొద్దున్న లెవెల్ మరోసారి చెక్ చేయండి. గీత దగ్గరే నిలిస్తేనే లీక్ ఆగినట్టు.