నాలుగు రోజుల చట్రం – ఒక మల్లుడి మరణం

మా హాస్టల్ భోజనశాల గోడకు నిరుడు ఒక చార్టు అంటించాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె జిల్లా బాక్సింగ్ పోటీలకు ఎంపికైతే, పీఈటీ మేడం, నేను కూర్చుని ఆరు వారాలకు రాసిన చార్టు అది. సోమవారం పరుగు, స్కిప్పింగ్. మంగళవారం బ్యాగు మీద పంచ్‌లు. బుధవారం జోడీతో స్పారింగ్. గురువారం తేలిక కసరత్తు. శుక్రవారం కాళ్ల కదలిక. శనివారం మళ్లీ స్పారింగ్. ఆదివారం సెలవు. టీచర్ ట్రైనింగ్ అయినదాన్ని కనుక నాకు టైంటేబుల్ అంటే ప్రాణం.

మూడో వారం బుధవారం ఆ పిల్ల వచ్చి, "మేడం, కాళ్లు లాగేస్తున్నాయి, ఇవాళ వద్దు" అంది. "ఒక్కరోజు మానేస్తే వారమంతా పాడవుతుంది" అన్నాను. ఇలాంటి మాటే సుమారు 1800 ఏళ్ల కిందట ఒక శిక్షకుడు అన్నాడనీ, అది ఒక ప్రాణం తీసిందనీ నాకు అప్పటికి తెలియదు.

క్రీ.శ. మూడో శతాబ్దంలో ఫిలోస్ట్రాటస్ అనే గ్రీకు రచయిత మల్లుల శిక్షణ మీద ఒక పుస్తకం రాశాడు. ఆ కాలపు శిక్షకులు నాలుగు రోజుల చట్రం పాటించేవారు. మొదటి రోజు ఒంటిని సిద్ధం చేసే చిన్న, చురుకైన కదలికలు. రెండో రోజు శక్తినంతా పెట్టే సాధన. మూడో రోజు విశ్రాంతి. నాలుగో రోజు మధ్యస్థ సాధన. ప్రత్యర్థి పట్టు విడిపించుకోవడం, మన పట్టులోంచి వాడు జారిపోకుండా చూడడం. కష్టం, విశ్రాంతి ఒకదాని వెంట ఒకటి రావాలన్న ఆలోచన అంత పాతది. మా చార్టులోనూ ఉన్నది అదే.

ఆలోచన మంచిదే. దాన్ని గుడ్డిగా పాటించడం మీదే ఫిలోస్ట్రాటస్‌కు కోపం. దానికి ఆయన చెప్పిన ఉదాహరణ గెరెనస్ అనే మల్లుడిది. ఊరు ఈజిప్టులోని నౌక్రాటిస్. ఒలింపియాలో గెలిచాడు. ఆ సంతోషంలో స్నేహితులతో విందు చేసుకుని, తాగి, సరిగా నిద్రపోలేదు. మర్నాడు వ్యాయామశాలకు వచ్చి, తిన్నది అరగలేదు, ఒంట్లో బాగాలేదు అని శిక్షకుడికి చెప్పుకున్నాడు. చట్రం చెడుతుందని శిక్షకుడు కోప్పడి సాధన చేయించాడు. ఆ సాధన మధ్యలోనే గెరెనస్ ప్రాణం పోయింది. ఏథెన్స్ నుంచి ఎలూసిస్ వెళ్లే దారి పక్కన అతని సమాధి ఉందని కూడా ఫిలోస్ట్రాటస్ రాశాడు.

ఆ పొరపాటు గ్రీకులతో ఆగలేదు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు కొద్ది వారాల తేడాలో చనిపోయారు. పోటీ బరువులోకి దిగడానికి ఒంట్లో నీరు పోగొట్టుకుంటూ కసరత్తు చేసినవారే ముగ్గురూ. ఆ తర్వాతే అక్కడ బరువు నిబంధనలు మారాయి. మన దేశంలో కోమ్ తెగ బిడ్డ మేరీ కోమ్ దారి వేరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌కు మొదటిసారి చోటు దొరికింది. అన్నిటికంటే తక్కువ విభాగం 51 కిలోలది. 48 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయిన ఆమె, తనకంటే ఒడ్డూ పొడవూ ఉన్నవాళ్లతో తలపడేలా శిక్షణ మార్చుకుని కాంస్యం తెచ్చింది. 2018లో 35 ఏళ్ల వయసులో ఆరోసారి ప్రపంచ టైటిల్ గెలిచింది.

ఇక మా అమ్మాయి సంగతి. ఆరోజు కాసేపు పరుగెత్తి కూలబడింది. కాళ్లూ నడుమూ పట్టేశాయి. నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో సికిల్ సెల్ ట్రెయిట్ ఉందని తేలింది. అంటే జబ్బు కాదు. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక జన్యువు వచ్చింది. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. ఒంట్లో నీరు తగ్గి, ఎండలో ఆగకుండా కష్టపడితే మాత్రం ప్రమాదం కావచ్చు. 2006లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాడు ఇలాగే చనిపోయాడు. 2010లో అక్కడి కాలేజీ క్రీడా సంఘం అగ్రశ్రేణి ఆటగాళ్లకు ఈ పరీక్ష తెచ్చింది. ఆట మాన్పించలేదు, సాధన పద్ధతి మార్చింది. మా డాక్టరు గారు చెప్పిందీ అదే.

ఇప్పుడు మా చార్టు పక్కన నాలుగు ప్రశ్నలున్నాయి. నిద్రపట్టిందా? కడుపునిండా తిన్నావా? ఎక్కడైనా నొప్పా? నెలసరా? జవాబును బట్టి ఆరోజు పని. బరువైన రెండు రోజుల మధ్య ఒక తేలిక రోజు. జోరు కొద్దికొద్దిగా పెంచడం. ప్రతి విరామంలో నీళ్లు. వారానికోసారి తూకం, కానీ పస్తులు లేవు. పోటీకి ముందు వారం కసరత్తు సగం. బుధవారం గడి పెన్సిల్‌తో రాస్తున్నాం. ఆ అమ్మాయి పోటీకి వెళ్లింది, రెండో బౌట్‌లో పాయింట్ల తేడాతో ఓడింది, నవ్వుతూ తిరిగొచ్చింది.

సికిల్ సెల్ మన ఆదివాసీ గూడేల్లోనే ఎక్కువ. 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: పిల్లను హాస్టల్‌లో చేర్చేటప్పుడు ఆధార్, కుల ధ్రువపత్రంతో పాటు ఆ కార్డు కూడా వార్డెన్ చేతిలో పెట్టండి. తోటి వార్డెన్లకు, పీఈటీలకూ ఒక మాట: పిల్ల "ఇవాళ వద్దు" అంటే, ఎందుకని అడిగిన తర్వాతే చార్టు వైపు చూడండి. నేను ముందు చార్టు వైపు చూశాను.