నాలుగణాల పెండ్లి



పోయిన ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు పోయినాక, ఒక సహోదరుడు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఏమయ్యా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "అయ్యగారూ, పాపకు సంబంధం కుదిరింది. నాలుగు లక్షలు అప్పు దొరుకుతా ఉంది. తీసుకునేదా, వద్దా? మీరే చెప్పండి."

వడ్డీ ఎంత అని అడిగాను. నూటికి రెండు రూపాయలన్నాడు. ఆ లెక్కన నెలకు 8,000. ఏడాదికి 96,000. అసలు మాత్రం అట్లాగే ఉంటుంది. ఆయన చేసేది కూలి పని, ఆమెకు ఉన్నవి రెండు పాడి ఆవులు. నాకు వెంటనే జవాబు రాలేదు. "ఒక వారం టైం ఇవ్వు" అన్నాను. ఈ వారమంతా మన ప్రాంతంలో పేదవాళ్ళు పెండ్లిండ్లు ఎట్లా చేసుకున్నారో ఆలోచిస్తూ, చదువుతూ గడిపాను. ఆ చదివినదే ఇక్కడ మీకు రాస్తున్నాను.

పెండ్లికి అప్పు చేయడం మన సీమలో ఎంత పాత మాటో చూడండి. పుత్తూరు దాటి నారాయణవనం పోతే అక్కడి గుడిలో, పెండ్లికి వాడిన తిరగలి ఇదేనని ఒకదాన్ని చూపిస్తారు. ఆకాశరాజు కూతురు పద్మావతిని పెండ్లాడటానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, ఆ వడ్డీ ఇప్పటికీ కడుతూనే ఉన్నాడనీ మన ఇరుగుపొరుగు హిందూ సహోదరులు చెప్పుకుంటారు. వడ్డికాసులవాడు అనే పేరు అట్లా వచ్చిందే. అది వాళ్ళ విశ్వాసం, దాని మీద నేను వ్యాఖ్యానం చేయను. అయితే ఆ కథ ఇక్కడి మనుషుల కష్టాన్ని బాగా ఎరిగిన కథ. పెండ్లి ఒక్కపూటలో అయిపోతుంది, వడ్డీ మాత్రం యుగమంతా నడుస్తుంది. తిరుపతి చుట్టుపక్కల పుట్టిన ఏ తండ్రికైనా ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మన తాతల కాలానికి వద్దాం. ఆడపిల్ల తండ్రి అప్పు చేయడం అన్ని కులాల్లోనూ మొదటినుంచీ ఉన్న ఆచారం కాదు. మన పల్లెల్లో కష్టం చేసుకుని బతికే చాలా కులాల్లో 'ఓలి' అనేది ఉండేది. మగపెండ్లివారే పిల్ల తల్లిదండ్రులకు డబ్బు ఇచ్చి పిల్లను అడిగేవాళ్ళు. ఎడ్గార్ థర్‌స్టన్ అనే దొర 1909లో దక్షిణ భారత కులాల గురించి అచ్చు వేసిన సంపుటాల్లో ఈ ఓలి మాట ఎన్నోచోట్ల కనబడుతుంది. పొలంలో ఆడమనిషి చేసే కష్టానికి ఆ రోజుల్లో ఒక విలువ కట్టేవాళ్ళు. ఆ కష్టం ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోతుంది కాబట్టి పోగొట్టుకున్న ఇంటికి కొంత ఇవ్వాలి అనేది దాని వెనుక లెక్క. ఇందులోనూ చెడుగు లేకపోలేదు. పై కులాల్లో ఇదే కన్యాశుల్కంగా మారి, ముసలివాళ్ళకు పసిపిల్లలను అమ్ముకునేదాకా పోయింది. గురజాడ అప్పారావుగారు నాటకం రాసింది దాని మీదనే.

ఓలి ఇచ్చుకోలేని పేద పిల్లవాడు ఏం చేసేవాడు? బైబిలు చదివే మీకు జవాబు తెలుసు. యాకోబు చేతిలో డబ్బు లేదు. రాహేలు కోసం లాబాను ఇంట్లో ఏడేండ్లు, మోసపోయినాక మళ్ళీ ఏడేండ్లు గొర్రెలు కాశాడు. మన రాయలసీమలోనూ 'ఇల్లటం అల్లుడు' అనే పద్ధతి ఉండేది. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడు వచ్చి, అక్కడే ఉండి సేద్యం చేసి, ఆస్తిలో భాగం పొందేవాడు. మద్రాసు కోర్టులు కూడా ఆ ఆచారాన్ని ఒప్పుకున్నాయి. అంటే చేతిలో రూకలు లేకపోతే రెక్కలున్నాయి. పెండ్లికి పెట్టుబడి కష్టమే కానీ అప్పు కాదు.

విందు సంగతి కూడా చెప్పుకోవాలి. మన మెట్ట ఊళ్ళలో రోజూ తినేది రాగిసంగటి. వరికూడు పండగకో పెండ్లికో మాత్రమే. కాబట్టి వరి అన్నం, పప్పు, పులుసు, బెల్లం పాయసం పెడితే అది ఘనమైన విందు. పందిరికి కొబ్బరిమట్టలు, మామిడాకులు ఊళ్ళోవే. తాళికి బంగారం లేనివాళ్ళు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి పెండ్లి చేసేవాళ్ళు. ఆ పెండ్లి చెల్లదని ఎవరూ అనలేదు.

ఆ రోజుల్లో ఇంకొక మంచి ఏర్పాటు ఉండేది, ఇప్పటికీ ఉంది. చదివింపులు. పందిట్లో ఒక బల్ల, బల్ల మీద ఒక నోటుబుక్కు, దాని ముందు కాస్త చేతిరాత బాగున్న మనిషి. ఎవరు ఎంత ఇచ్చారో ఊరి పేరుతో సహా రాసి, అందరూ వినేటట్టు చదువుతాడు. నూటపదహారు, ఐదునూటపదహారు. మన సరిహద్దు అవతల తమిళులు దీన్నే 'మొయి' అంటారు. ఆ రాత్రికి వంటవాళ్ళకూ, పందిరివాళ్ళకూ ఇచ్చేది ఆ డబ్బే. ఆ పుస్తకం ఇంట్లో పెట్టెలో భద్రంగా ఉంటుంది. రేపు వాళ్ళింట్లో పెండ్లయితే మనం దాన్ని చూసి, అంతకు ఒక రూపాయి తగ్గకుండా ఇస్తాం. ఇది వడ్డీ లేని అప్పు. బ్యాంకు లేని చోట బంధువులే బ్యాంకు. ఇప్పుడు కొందరు "మా హోదాకు చదివింపులు తక్కువ" అని మానేశారు. మానేసి, నూటికి రెండు రూపాయలకు ఫైనాన్సులో తెస్తున్నారు.

ఇక మన సంఘాల చరిత్ర. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు సువార్త తెచ్చింది స్కడ్డర్ కుటుంబం 1853లో స్థాపించిన ఆర్కాటు మిషను. మదనపల్లెకు జేకబ్ చాంబర్లిన్‌గారు 1863లో వచ్చారు. తిరుపతి, కాళహస్తి, సూళ్ళూరుపేట వైపు పనిచేసింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు. వాళ్ళు వేసిన పునాది మీదనే ఈనాటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘం నిలబడి ఉంది. ఆ సంఘాల్లో చేరినవాళ్ళలో ఎక్కువమంది భూమి లేని కూలివాళ్ళు. వాళ్ళ పెండ్లిండ్లకు చట్టం ఏం చెప్పిందో చూద్దాం.

భారత క్రైస్తవ వివాహ చట్టం 1872లో వచ్చింది. ఇప్పటికీ మనకు అదే చట్టం. దేశీయ క్రైస్తవుల కోసం అందులో ఒక భాగం ప్రత్యేకంగా పెట్టారు. దాని ప్రకారం పెండ్లికి కావలసినవి చాలా కొద్ది. ఇద్దరికీ వయసు ఉండాలి. అప్పట్లో మగవానికి 16, ఆడపిల్లకు 13 దాటితే చాలన్నారు. ఇప్పుడు అది 21, 18. ఇద్దరిలో ఎవరికీ బతికి ఉన్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు. లైసెన్సు ఉన్న వ్యక్తి ఎదుట, నమ్మదగిన ఇద్దరు సాక్షుల ముందు, ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెప్పాలి. అంతే. ఆ తర్వాత సర్టిఫికెట్టు కావాలంటే కట్టవలసిన రుసుము కూడా చట్టంలోనే రాశారు. నాలుగు అణాలు. అంటే పావలా.

ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు అట్లాగే కూర్చున్నాను. చట్టం దృష్టిలో పావలాతో అయిపోయే పనికి, ఈరోజు నా సంఘ సభ్యుడు నాలుగు లక్షలు వెతుకుతున్నాడు. మిగతాదంతా ఎవరు అడిగారు? చట్టం అడగలేదు. అదే చట్టం పెండ్లి మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల జరగాలంటుంది. రాత్రంతా వెలిగే లైట్ల సెట్టింగు దానికి అక్కరలేదు.

లూథరన్ సంఘాల మూలపురుషుడు మార్టిన్ లూథర్ పెండ్లి కూడా ఇట్లాంటిదే. 1525 జూన్ 13న, విట్టెన్‌బర్గ్‌లో తానుండే ఇంట్లోనే, కొద్దిమంది స్నేహితులు సాక్షులుగా కేథరీనాను పెండ్లాడాడు. ఆమె మఠం విడిచి వచ్చిన కన్య, కట్నం తెచ్చే స్థితి లేదు. రెండు వారాల తర్వాత జూన్ 27న గుడికి ఊరేగింపుగా పోయి, అందరికీ విందు పెట్టారు. ఆ విందుకు వేట మాంసం పంపించమని రాజు కొలువులోని అధికారికి లూథర్ ఉత్తరం రాశాడు. స్నేహితులను అడగడానికి సిగ్గుపడలేదు. పెండ్లి ఒక రోజు, విందు వీలైన రోజు. ఈ పద్ధతి ఐదువందల ఏండ్ల నాడే ఉంది.

మరి మనకు ఈ భారం ఎప్పుడు వచ్చింది? ఓలి పోయి కట్నం వచ్చినప్పుడు. పట్నం ఉద్యోగాలు, జీతాలు వచ్చాక పిల్లవాడికి ధర పలకడం మొదలైంది. పై కులాల అలవాటు కింది కులాలకు దిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేశారు. 1961లో దేశమంతటికీ చట్టం వచ్చింది. చట్టం వచ్చింది కానీ కట్నం పోలేదు. మన సంఘాల్లో దానికి 'కానుక' అని పేరు మార్చారు. పేరు మారితే పాపం మారదు.

అయితే ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. పేదవాళ్ళు పెండ్లిండ్లకు తగలేసి చెడిపోతారు అని దొరలూ, షావుకార్లూ పూర్వం నుంచి అంటూ ఉన్నారు. 1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు తిరగబడి అప్పుపత్రాలు తగలబెట్టారు. దాని మీద వేసిన కమిషన్ లెక్కలు తీసి ఇంకో సంగతి చెప్పింది. ఎప్పుడో ఒకసారి వచ్చే పెండ్లి కంటే తిండికి, విత్తనానికి, ఎద్దులకు, శిస్తుకు పదేపదే చేసే చిన్న చిన్న అప్పులే రైతును ఎక్కువ ముంచుతున్నాయట. కాబట్టి ఎవరింట్లోనైనా అప్పు కనబడితే, పెండ్లి ఘనంగా చేశాడు కదా అని వేలు చూపడం సులభం. అతని ఆవు చచ్చిపోయిన సంగతి మనకు తెలియదు. ఉన్న ఆ చిన్న అప్పుల మీద పెండ్లి అప్పు వచ్చి పడితేనే నడుము విరుగుతుంది.

మన తిరుపతిలో ఈ బాధను తీర్చడానికి పెద్ద ప్రయత్నాలే జరిగాయి. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 2007లో కల్యాణమస్తు పేరుతో సామూహిక వివాహాలు మొదలుపెట్టారు. తాళి, మెట్టెలు, బట్టలు ఇచ్చి, బంధువులకు భోజనం పెట్టి వేలాది జంటలకు పెండ్లి చేశారు. కొన్నేండ్లకు అది ఆగింది. 2016 నుంచి కొండ మీద కల్యాణ వేదికలో పురోహితుడు, మేళం, పసుపు కుంకుమ ఉచితంగా ఇస్తున్నారు. 2022 అక్టోబరు 1 నుంచి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అమలు చేసిన పథకంలో ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లలకు లక్ష రూపాయలు, బీసీలకు 50,000 అన్నారు. దానికి పెట్టిన షరతు నాకు నచ్చింది. వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలి. పెండ్లి కోసం చదువు మాన్పించే తండ్రికి అది మంచి అడ్డుకట్ట.

ఇరుగుపొరుగు ఇంత చేస్తుంటే మన సంఘం ఏం చేసింది? ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. ఎవరైనా లైట్లు, కారు, ఐదు రకాల కూరలతో పెండ్లి చేస్తే, వేదిక మీద మైకు పట్టుకుని "ఎంతో ఘనంగా జరిపించారు" అని పొగిడినవాణ్ణి నేనే. చెట్టు కింద పప్పన్నం పెట్టినవాళ్ళకు "దేవుడు దీవించును గాక" అని ఒక్క మాటతో ముగించినవాణ్ణీ నేనే. కింద కూర్చున్న ఆడపిల్లల తండ్రులు రెండూ విన్నారు. ఆ నాలుగు లక్షల్లో కొంత నా నోటి మాట ఖరీదు కూడా ఉంది. నన్ను క్షమించండి.

కానా పెండ్లి మనకు బాగా తెలుసు. ఆ ఇంటివాళ్ళు పేదవాళ్ళో కాదో వాక్యం చెప్పదు, కానీ విందులో ద్రాక్షారసం అయిపోయింది. ప్రభువు ఆ ఇంటివాళ్ళను ఇంత తక్కువ తెచ్చారేమని అడగలేదు. పక్కన ఉన్న రాతి బానల్లో నీళ్ళు పోయించాడు. పరువు నిలిపింది ఆ ఇంట్లో ఉన్న బానలే, పనివాళ్ళు మోసిన నీళ్ళే.

కాబట్టి సంఘ పెద్దలతో మాట్లాడి కొన్ని సంగతులు అనుకున్నాం. సంఘంలో పెండ్లి అయితే మందిరానికి, కుర్చీలకు, మైకుకు బాడుగ ఉండదు. వంటపాత్రలు సంఘానివే వాడుకోవచ్చు. స్త్రీల సమాజంవాళ్ళు కూరగాయలు తరిగి, వంటకు సాయం చేస్తామన్నారు. యౌవనస్థులు పందిరి వేస్తారు. చదివింపుల పుస్తకం మళ్ళీ తెరుద్దాం, అయితే పేర్లు మైకులో చదవం. పది రూపాయలు ఇచ్చినవాడు తల దించుకోకూడదు. వేదిక మీద ఏ పెండ్లినైనా ఒకే మాటతో దీవిస్తాను.

పెండ్లి పెట్టుకున్నవాళ్ళు ముందు ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. మొదట, అది లేకపోతే పెండ్లి కాదు అనేవి. రెండోది, వచ్చినవాళ్ళ కడుపు నింపేవి. మూడోది, చూసేవాళ్ళ కోసం చేసేవి. మొదటి వరుస చాలా చిన్నది. రెండో వరుసను మనమందరం మోయగలం. అప్పు అవసరమయ్యేది ఎప్పుడూ మూడో వరుసకే.

ఆ సహోదరుడికి నిన్న ఈ లెక్కంతా చెప్పాను. ఆయన విని, "అయ్యగారూ, నేను ఒప్పుకుంటాను. మగపెండ్లివాళ్ళు ఒప్పుకోవద్దా?" అన్నాడు. నిజమే. ఆడపిల్ల తండ్రి ఒక్కడే ఆ మాట అంటే సంబంధం పోతుందని భయం. అందుకే వచ్చే శనివారం సంఘ పెద్దలిద్దరు, నేను ఆయనతో కలిసి ఆ ఊరికి పోతున్నాం. వాళ్ళూ విశ్వాసులే. ఏం జరుగుతుందో తెలియదు. మా కోసం ప్రార్థన చేయండి. మీ ఇంట్లో పెండ్లి వయసు కొడుకులు ఉన్నవాళ్ళు మాత్రం, ఆ శనివారం మేము మీ గుమ్మం ముందుకే వచ్చామనుకుని, మీరైతే ఏం జవాబు చెప్తారో ఆలోచించి పెట్టుకోండి.

ప్రభువు కృప మీకందరికీ తోడుగా ఉండును గాక. ఆమెన్.